పోయిన చోటే వెతుకులాట
చిన్న పందేల ఆన్‌లైన్ పేకాటలో వరుస ఓటముల లెక్క... తేరుకున్నవారు ఏం చేశారు?

భీమవరం: వేకువజాము మూడు గంటలు. ఉండి మండలంలో ఒక రొయ్యల చెరువు. గట్టు మీది రేకుల షెడ్డులో కాపలాదారు సెల్‌ఫోన్‌లో పదమూడు ముక్కలు సర్దుకుంటున్నాడు. ప్యూర్ సీక్వెన్స్ పడింది. జోకర్ చేతిలో ఉంది. ఇంకొక్క ముక్క వస్తే షో. ఆ రాత్రి పోగొట్టుకున్న దానిలో సగం ఒక్క ఆటతో వెనక్కి వస్తుంది. సరిగ్గా ఆ సమయంలో కరెంటు పోయింది. చెరువులో తిరుగుతున్న ఏరియేటర్లు ఆగిపోయాయి. ఫోన్‌కు కరెంటుతో పని లేదు కనుక ఆట ఆగలేదు. ఆ ఆట ఓడాడు. తర్వాతి ఆట ఆడాడు. అదీ ఓడాడు. తలెత్తి చూసేసరికి ముప్పావు గంట గడిచింది. ఏరియేటర్ల హోరు చెవుల్లో లేని సంగతి అప్పటిగ్గాని అతనికి తెలియలేదు. జనరేటరు వేసి పరుగెత్తేసరికి రొయ్యలు నీటిపైకి తేలి గట్టు వారకు చేరుతున్నాయి.

తెల్లవారుజామున చెరువు నీటిలో ప్రాణవాయువు సహజంగానే తక్కువగా ఉంటుంది. ఆ వేళ ఏరియేటరు ఆగితే ఏమవుతుందో ఈ డెల్టాలో చిన్నపిల్లలను అడిగినా చెబుతారు. యజమాని మంచివాడు గనుక పోలీసు స్టేషను దాకా వెళ్లలేదు. జీతంలో కోత పెట్టాడు. 'నిద్ర పట్టేసిందండి' అని కాపలాదారు చెప్పిన మాటను నమ్మాడో, నమ్మినట్లు ఊరుకున్నాడో తెలియదు.

ఇది 2023 వేసవిలో జరిగింది. పేరు రాయవద్దన్న షరతు మీద ఆ యువకుడు ఈ విలేకరికి తన బ్యాంకు స్టేట్‌మెంట్లతో సహా అన్నీ చూపించాడు. అతని వయసు ఇరవై ఆరు. ఇంటర్మీడియట్ వరకు చదివాడు. నెలకు పద్నాలుగు వేల జీతం. భార్య, ఒక పాప. తాగుడు లేదు. సంక్రాంతి బరుల దగ్గరకు వెళ్లినా పది రూపాయల పందెం కాయని మనిషి. అటువంటివాడు లక్షా అరవై రెండు వేల రూపాయలు ఎలా పోగొట్టుకున్నాడన్నది ఒక ప్రశ్న. పోగొట్టుకున్నవాడు ఎలా నిలదొక్కుకున్నాడన్నది రెండో ప్రశ్న. మొదటిదాని గురించి పత్రికల్లో చాలా వచ్చింది. రెండో ప్రశ్నను పట్టించుకున్నవారు తక్కువ.

మూడు వందలతో మొదలు

మొదట ఆడింది పాయింటు పది పైసల టేబుల్. పాయింట్ల రమ్మీలో ఒక ఆటలో పడే గరిష్ఠ కౌంటు 80. అంటే ఎంత ఘోరంగా ఓడినా ఆటకు ఎనిమిది రూపాయలు. మొదటి ముక్క తీయకముందే డ్రాప్ అయితే 20 పాయింట్లు, అంటే రెండు రూపాయలు. టీ ఖరీదులో సగం కూడా కాదు. రెండు నెలలు అటూ ఇటూగా సాగింది. ఆ తర్వాత ఒక వారం వరుసగా ఓడాడు. పోయింది మూడు వందలు.

అక్కడ ఆగి ఉంటే ఈ కథనం లేదు. మూడు వందలు రాబట్టుకోవాలంటే పది పైసల టేబుల్ మీద చాలా రాత్రులు ఆడాలి. అదే యాభై పైసల టేబుల్ మీద అయితే రెండు మంచి ఆటలు చాలు. వెళ్లాడు. అక్కడ మరో రెండు వేలు పోయాయి. వాటి కోసం రూపాయి టేబుల్. తర్వాత రెండు రూపాయలు. ఎనిమిది రూపాయలతో పోయే ఆట నూట అరవైకి చేరింది. పందెం ఇరవై రెట్లు పెరిగింది కానీ ఆడే మనిషి నైపుణ్యం ఇరవై రెట్లు పెరగలేదు. పైగా పెద్ద టేబుల్ మీద కూర్చునేవారు చిన్న టేబుల్ వారికంటే గట్టి ఆటగాళ్లు.

పల్లెల్లో ఒక మాట ఉంది, పోయిన చోటే వెతుక్కోవాలని. ఉంగరం పోతే అది సరైన మాటే. పేకాటలో పోయిన సొమ్ము పోయిన చోట ఉండదు. అది అప్పటికే ఒకరి ఖాతాలోకి, కొంత భాగం కంపెనీ ఖాతాలోకి వెళ్లిపోయి ఉంటుంది. అదే టేబుల్ దగ్గర వెతికేవాడికి దొరికేది తన జేబులో మిగిలిన డబ్బు మాత్రమే.

వరుస ఓటమి వింత కాదు

ఓడినవారందరూ చెప్పే మాట ఒకటే. 'వరుసగా ఆరేడు ఆటలు ఎలా పోతాయండి? సాఫ్ట్‌వేర్‌లో మోసం ఉంది.' మోసం ఉందో లేదో ఒక్కో యాప్‌ను పరీక్షించకుండా చెప్పలేం. మోసం లేకపోయినా ఏమవుతుందో చూద్దాం. బొమ్మా బొరుసూ వేసే నాణేన్నే తీసుకోండి. వంద సార్లు ఎగరేస్తే, ఎక్కడో ఒకచోట ఆరు బొరుసులు వరుసగా పడే అవకాశం సగానికి పైగా ఉంటుంది. ఏడు వరుసగా పడే అవకాశం మూడింట ఒక వంతుకు కొంచెం తక్కువ. ఇద్దరు సమాన ఆటగాళ్లు వంద ఆటలు ఆడినా లెక్క ఇదే.

ఆరుగురు కూర్చునే టేబుల్ అయితే పరిస్థితి మరీ కఠినం. అందరూ సమానులే అనుకున్నా, ఒక ఆటలో గెలిచేది ఒక్కరే. ఆరింట ఐదుసార్లు ఓడటమే మామూలు. అక్కడ వరుసగా పది ఆటలు ఓడే అవకాశం వందకు 16. ప్రతి రాత్రీ ముప్పై నలభై ఆటలు ఆడేవాడికి ఇది వారానికి ఒకటి రెండుసార్లు ఎదురైనా ఆశ్చర్యపడనక్కరలేదు. ఏ దోషమూ, ఏ దృష్టీ, ఏ మోసమూ అవసరం లేదు.

పోకర్‌లోనూ అంతే. చేతిలో రెండు ఆసులు, ఎదుటివాడి చేతిలో రెండు రాజులు ఉన్నాయనుకుందాం. ఆరంభంలో అంతకంటే మంచి స్థితి ఎవరూ కోరుకోలేరు. అయినా వందలో సుమారు 82 సార్లే ఆసులు గెలుస్తాయి. మిగిలిన 18 సార్లు రాజులదే పైచేయి. తప్పు ఆడకుండానే ఓడిన ఆ 18 సార్లే ఆటగాడికి జ్ఞాపకం ఉంటాయి. పోకర్ ఆడేవారు దీని తర్వాత వచ్చే స్థితిని 'టిల్ట్' అంటారు. మన క్లబ్బుల్లో 'వేడెక్కాడు' అంటారు. వేడెక్కినవాడు డ్రాప్ చేయవలసిన ముక్కలతో ఆడతాడు. ఇక అక్కడి నుంచి ఓటమికి దురదృష్టం కారణం కాదు.

పందెం రెట్టింపు చేస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు గెలవక తప్పదన్న సిద్ధాంతం కూడా ఊళ్లలో బాగా ప్రచారంలో ఉంది. పది రూపాయలతో మొదలుపెట్టి ఆరుసార్లు రెట్టింపు పందెం ఓడితే పోయేది 630. ఏడో పందెం 640. అది గెలిస్తే చేతికి మిగిలే లాభం ఎంత? అక్షరాలా పది రూపాయలు. ఓడితే పోయేది 1,270. ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించినప్పుడు కాపలాదారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

టేబుల్ కింద మూడో మనిషి

ఇద్దరు సమాన ఆటగాళ్లు చెరి వంద రూపాయలతో కూర్చున్నారు. పాయింటు యాభై పైసలు. ఓడినవాడికి సగటున ముప్పై పాయింట్లు పడ్డాయనుకుందాం. చేతులు మారేది పదిహేను రూపాయలు. అందులో కంపెనీ నూటికి పది చొప్పున తీసుకుంటే రూపాయిన్నర. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా ఈ రూపాయిన్నర మాత్రం తప్పదు. 133 ఆటలు పూర్తయ్యేసరికి ఆ ఇద్దరి రెండు వందలూ కంపెనీ పెట్టెలోకి చేరిపోతాయి. ఫోన్‌లో ఒక ఆట రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది. రెండు మూడు రాత్రుల పని.

ప్రభుత్వం కూడా తన వాటా వదులుకోలేదు. 2023 అక్టోబరు 1 నుంచి ఆటగాడు జమచేసే మొత్తం మీద 28 శాతం జీఎస్టీ అమల్లోకి వచ్చింది. వంద రూపాయలు వేస్తే పన్ను పోను దాదాపు 78 రూపాయలే మిగిలే లెక్క. కంపెనీలు దానిని బోనస్ పేరుతో కొంతకాలం పూడ్చి కనబడకుండా చేశాయి. అంతకుముందే, 2023 ఏప్రిల్ నుంచి, నికర గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను మూలంలోనే కోత పడుతూ వచ్చింది.

ఈ మూడో మనిషి సంగతి అందరికంటే స్పష్టంగా చెప్పింది తణుకు ప్రాంతం నుంచి వెళ్లి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న యువకుడు. అతను ఆడింది పోకర్. బ్లైండ్లు రూపాయి, రెండు రూపాయలు. టేబుల్ మీద పెట్టేది రెండు వందలు. ఒక దశలో వరుసగా పన్నెండు సార్లు ఆ రెండు వందలూ పోయాయి. మొత్తం 2,400. అతని జీతానికి అది లెక్కలోనిది కాదు. 'డబ్బు గురించి కాదండి, నాకంటే తెలివితక్కువ వాళ్ల చేతిలో ఓడిపోతున్నానన్న ఉక్రోషం' అన్నాడు.

అతను చేసింది పుస్తకాల్లో రాసినట్లే ఉంది. మొదట వారం రోజులు ఆట బంద్. తర్వాత ఆడిన ప్రతి పంపకాన్నీ నమోదు చేసే పద్ధతి పెట్టుకున్నాడు. సగం పందెం టేబుల్‌కు దిగాడు. ఒక రాత్రి రెండుసార్లు టేబుల్ సొమ్ము పోతే ఫోన్ పక్కన పెట్టాలని నియమం. ఓడిన పంపకాలను తెల్లవారాక, కోపం చల్లారాక, తిరిగి చూసుకునేవాడు. వాటిలో దురదృష్టం ఎంత, తన తప్పు ఎంత అని విడదీశాడు. పన్నెండింటిలో ఐదు మాత్రమే నిజంగా దురదృష్టం. మిగిలిన ఏడు రాత్రి పన్నెండు తర్వాత ఆడినవి.

ఆట మెరుగుపడింది. ఏడాదిన్నర తర్వాత దాదాపు లక్షా యాభై వేల పంపకాల లెక్క తీశాడు. నికర నష్టం తొమ్మిది వేలు. ఆ కాలంలో టేబుల్ కమీషన్ కింద కంపెనీకి కట్టింది ముప్పై ఒక్క వేలు. అంటే ఎదుటి ఆటగాళ్ల మీద ఇరవై రెండు వేలు గెలిచాడు. గెలిచి కూడా ఓడాడు. 'నేను బాగా ఆడుతున్నానని నిరూపించుకున్నాను. దానికి తొమ్మిది వేలు ఫీజు కట్టాను' అని నవ్వాడు. ఆ నవ్వు ఒక ఉద్యోగి నవ్వు. చెరువు గట్టు మీద ఆ నవ్వు రాదు.

పెద్ద పందేల కంటే చిన్న పందేల దగ్గర కమీషన్ బరువెక్కువ. చిన్న టేబుల్ మీద వచ్చే సన్నని లాభాన్ని అది మింగేస్తుంది. చిన్న పందెం కదా, ప్రమాదం లేదు అనుకునేవారు ఈ ఒక్క విషయం గమనించాలి.

ధర్మరాజు చేసినదీ, నలుడు చేసినదీ

జూదం అనగానే ధర్మరాజును తలచుకోవడం మనకు అలవాటు. అందరూ మొదటి జూదం గురించే చెబుతారు. నిజానికి ఆలోచించవలసింది రెండోదాని గురించి. మొదటిసారి పోయినదంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేశాడు. అప్పు లేదు, నష్టం లేదు. ఇంద్రప్రస్థానికి దారి పట్టినవాడిని మళ్లీ పిలిస్తే మళ్లీ వచ్చి కూర్చున్నాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆట ఫలితం. కంపెనీల నుంచి వచ్చే 'తిరిగి రండి, వంద రూపాయల బోనస్ మీ కోసం' అన్న మెసేజీ చూసినప్పుడల్లా ఈ విలేకరికి అనుద్యూతమే జ్ఞాపకం వస్తుంది.

భారతంలోనే ఇంకొక జూదరి ఉన్నాడు. పోగొట్టుకున్న రాజ్యాన్ని జూదంలోనే తిరిగి గెలుచుకున్నవాడు. నలుడు. అయితే అతను మర్నాడే వెళ్లి పుష్కరుడి ఎదుట కూర్చోలేదు. బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి కొలువులో గుర్రాలు తోలుతూ జీతానికి పనిచేశాడు. తనకు తెలిసిన అశ్వవిద్య ఇచ్చి, తనకు తెలియని అక్షహృదయం నేర్చుకున్నాడు. కలి వదిలిపోయాక, ఏళ్ల తర్వాత తిరిగి వచ్చాడు. అక్కడ కమీషన్ తీసుకునే మూడో మనిషి లేకపోవడం నలుడికి కలిసివచ్చిన మరో అంశం. ఇది హాస్యానికి అన్న మాటే అయినా లెక్కకు నిలుస్తుంది.

జేబే కంచె

పాలకొల్లు సమీప గ్రామంలో డెబ్బై దాటిన ఒక రైతును కలిసినప్పుడు ఇంకొక కోణం తెలిసింది. ఆయన నలభై ఏళ్లు క్లబ్బుల్లో రమ్మీ ఆడారు. గెలుపోటములు రాసిన పాత డైరీలు ఇంకా ఉన్నాయి. మొత్తం మీద నష్టమేనని దాచకుండా చెప్పారు. కానీ ఎకరం అమ్మలేదు.

'ఓడిన్రోజు ఏం కాదండి. మర్నాడు పొద్దున్నే క్లబ్బుకెళ్లాలనిపిస్తది చూశారా, అదండీ అసలు తంటా. మా నాన్నగారు ఓడిన్రోజు తర్వాత మూడు రోజులు పొలంలోనే ఉంచేవోరు. అప్పటికి మంట చల్లారేది' అన్నారాయన. ఫోన్ ఆట గురించి అడిగితే: 'మాకు జేబులో డబ్బులైపోతే లేచెళ్లిపోవడమేనండి. అప్పడిగితే పక్కోడు తిట్టేవోడు. ఇప్పుడు తిట్టేవోడేడి?'

ఆయన రెండు మాటల్లో చెప్పినది పెద్ద విషయం. క్లబ్బులో ముక్కలు కలపడానికి, పంచడానికి సమయం పడుతుంది. నలుగురు చూస్తుంటారు. రాత్రికి తలుపులు మూస్తారు. చేతిలోని నోట్లు తరుగుతుంటే కంటికి కనబడుతుంది. ఫోన్‌లో ఇవేవీ లేవు. యూపీఐ పిన్ నొక్కితే డబ్బు, ఇంకో యాప్ నొక్కితే అప్పు. ఓడిన మనిషికీ మర్నాటికీ మధ్య ఉండవలసిన రాత్రి మాయమైంది.

ఓడినది రాబట్టుకోవడానికి మళ్లీ మళ్లీ వెళ్లడాన్ని మనోవైద్యులు వ్యాధి లక్షణంగానే గుర్తించారు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన ప్రామాణిక గ్రంథం జూదరితనాన్ని మత్తు వ్యసనాల సరసన చేర్చింది. అందులోని తొమ్మిది లక్షణాల్లో నష్టాన్ని వెంటాడటం ఒకటి. ఏడాది కాలంలో నాలుగు లక్షణాలు కనబడితే వ్యాధిగా పరిగణిస్తారు. నష్టం వల్ల కలిగే బాధ అంతే లాభం వల్ల కలిగే సంతోషానికి దాదాపు రెట్టింపు ఉంటుందని కానెమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దశాబ్దాల కిందటే చూపారు. బాధలో ఉన్నవాడు దానిని చెరిపేసుకోవడానికి మామూలుగా చేయని సాహసం చేస్తాడు. పది పైసల టేబుల్ నుంచి రెండు రూపాయల టేబుల్‌కు దారి ఇదే.

చట్టం తిరిగిన మలుపులు

రమ్మీ చట్టానికి ఆంధ్రప్రదేశ్‌తో పాత సంబంధం ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో, 1968 నాటిదిగా లా పుస్తకాల్లో నమోదైన సత్యనారాయణ కేసు తీర్పులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. మూడు ముక్కలాట కేవలం అదృష్టమని, రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలని, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలని వివరించింది. ఆన్‌లైన్ కంపెనీలు దశాబ్దాల తర్వాత ఆ తీర్పునే గొడుగుగా పట్టుకున్నాయి. కానీ ఆటలో నైపుణ్యం ఉండటం వేరు, ఆడేవాడికి ఆ నైపుణ్యం ఉండటం వేరు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించాయి. ఆడుతూ పట్టుబడితే ఆరు నెలల వరకు జైలని 2020 సెప్టెంబరులో మంత్రివర్గ నిర్ణయాన్ని వెల్లడిస్తూ రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ తరువాతి నెలలో 132 వెబ్‌సైట్లు, యాప్‌లను అడ్డుకోవాలని ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశారు. కంపెనీలు రాష్ట్రంలోని ఫోన్లను ఆటలోకి రానివ్వకుండా చేశాయి. ఫోన్ ఉన్న చోటును వేరే రాష్ట్రంగా చూపించే యాప్‌లు వచ్చాయి. మన కాపలాదారు ఉండి మండలంలో కూర్చుని, ఫోన్ లెక్క ప్రకారం కర్ణాటకలో ఆడాడు.

నిషేధం వల్ల ఆడేవారు తగ్గి ఉండవచ్చు. కాని ఓడినవారి నోరు కూడా మూతపడింది. 'ఎవరికైనా చెబితే ముందు నన్నే లోపలేస్తారనుకున్నానండి' అన్నాడతను. ఏడాదికి పైగా భార్యకు, యజమానికి, స్నేహితులకు చెప్పకపోవడానికి సిగ్గు ఒక కారణమైతే ఈ భయం రెండో కారణం. ఈ కోణాన్ని అప్పట్లో ఎవరూ ఆలోచించలేదనే చెప్పాలి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఇక్కడ వేరే దారి పట్టింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తర్కాన్ని పక్కన పెట్టి, డబ్బుతో ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఆడించినవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చినవారికి రెండేళ్లు, యాభై లక్షలు. ఆడినవారికి మాత్రం ఈ కేంద్ర చట్టంలో శిక్ష లేదు. వారిని బాధితులుగానే చూస్తున్నామని కేంద్రం చెప్పింది. ఏటా దాదాపు 45 కోట్ల మంది సుమారు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారన్నది అప్పట్లో ప్రభుత్వం చెప్పిన అంచనా. మనిషికి సగటున 450 రూపాయలు కూడా కాదు. ఈ జిల్లాలో ఆ సగటు మనిషి ఈ విలేకరికి తారసపడలేదు. పదో పరకో పోగొట్టుకుని మరచిపోయినవారు, లక్షలు పోగొట్టుకుని మరవలేనివారు తారసపడ్డారు. చట్టాన్ని సవాలు చేసిన పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వివిధ హైకోర్టుల నుంచి తన వద్దకు బదిలీ చేసుకుంది.

చట్టం రాగానే పేరున్న దేశీయ కంపెనీలు డబ్బు ఆటలను నిలిపివేశాయి. అంతటితో టేబుళ్లు ఖాళీ అయ్యాయనుకుంటే పొరపాటు. విదేశాల నుంచి నడిచే సైట్ల లింకులు టెలిగ్రాం గ్రూపుల్లో తిరుగుతూనే వచ్చాయి. వాటిలో గెలిచిన సొమ్ము చేతికి వస్తుందన్న హామీ కూడా లేదు. ఇక 'మీరు ఓడిన సొమ్ము రాబట్టి పెడతాం, ముందు ఐదు వేలు ఫీజు కట్టండి' అనే ముఠాలు మరో రకం. పోయిన చోట వెతికేవాడిని పట్టుకోవడం వారికి తేలిక. పందెం ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెబుతోంది. న్యాయంగా ఆడి ఓడిన పందెం డబ్బు ఏ కోర్టూ ఇప్పించదు. మోసపోతే మాత్రం వెంటనే 1930కి ఫోన్ చేయవచ్చు.

స్టేట్‌మెంటు ముందు కూర్చున్న రోజు

కాపలాదారు తేరుకున్న తీరు నాటకీయంగా లేదు. రొయ్యలు తేలిన వారం తర్వాత అతని భార్య మెడలోని గొలుసు సంగతి అడిగింది. ఫైనాన్సులో ఉందని ఒప్పుకోక తప్పలేదు. ఆ రోజు సాయంత్రం బ్యాంకు స్టేట్‌మెంట్లు తీయించి ఇద్దరూ కూర్చున్నారు. ఆటలోకి వేసినది 2,14,000. గెలిచి తీసుకున్నది 52,000. అంతవరకు అతని మనసులోని అంచనా ఎనభై వేలు. గెలిచినవన్నీ జ్ఞాపకం ఉన్నాయి, వేసినవి లేవు.

పోయిన 1,62,000లో అతని జీతం నలభై వేలు. గొలుసు, రెండు గాజుల మీద బంగారు రుణం అరవై వేలు. అప్పుల యాప్‌ల నుంచి ముప్పై ఎనిమిది వేలు. ఇద్దరు స్నేహితుల దగ్గర ఇరవై నాలుగు వేలు.

ఈ సొమ్ము ఆటలో తిరిగి రాదని మొదట అన్నది భార్యే. ఆమె ఏడో తరగతి వరకు చదివింది. 'ఏడాది జీతం లేకుండా పనిచేశావనుకో' అంది. బెంగళూరు యువకుడు లక్షన్నర పంపకాల తర్వాత వచ్చిన నిర్ణయానికి ఆమె ఒక్క సాయంత్రంలో వచ్చింది.

యూపీఐ ఉన్న సిమ్ ఆమె ఫోన్‌లోకి మారింది. అతనికి మాటలకు పనికొచ్చే చిన్న ఫోన్ మిగిలింది. జీతం ఆమె ఖాతాలో పడేటట్లు యజమానితో మాట్లాడారు. ఆ సందర్భంగానే కరెంటు పోయిన రాత్రి సంగతి కూడా బయటపడింది. యజమాని రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు రాత్రి కాపలా తీసేసి, పగటి మేత పనిలో వేశాడు. అతను తేరుకోవడంలో ఇదే పెద్ద మలుపని ఈ విలేకరి అభిప్రాయం. ఆట పట్టుకున్నది రాత్రి ఒంటరితనంలో. ఆ సమయమే చేతిలో లేకుండా పోయింది.

అప్పుల్లో ముందు తీర్చినవి యాప్‌లవి. వడ్డీ ఎక్కువ, వేధింపూ ఎక్కువ. ఫోన్‌లోని పేర్లన్నిటికీ సందేశాలు పంపుతామని బెదిరించారు. డిజిటల్ రుణాలపై 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాలు రుణ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులను వాడుకోరాదని చెప్పాయి. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదన్నదీ ఆ ఏడాది ఇచ్చిన ఆదేశమే. ఆ విషయం ఎవరో చెప్పగా, తర్వాతి ఫోన్ వచ్చినప్పుడు భార్యే ఎత్తి అదే మాట అంది. అవతలివారు ఆ తర్వాత పగలే చేశారు.

మొదటి మూడు నెలలు నిద్ర పట్టలేదని, కళ్లు మూస్తే ముక్కలు కనబడేవని చెప్పాడు. మానసిక ఇబ్బందులకు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనే మాట్లాడుతుందని అతనికి చాలా ఆలస్యంగా తెలిసింది. ఆరోగ్య కేంద్రం గోడ మీద రాసి ఉన్నా చదవలేదట. రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి ఏమీ చెప్పకుండా పెట్టేశాడు. రెండోసారి నలభై నిమిషాలు మాట్లాడాడు.

మధ్యలో ఒకసారి జారాడు. 2024 సంక్రాంతికి బావమరిది ఫోన్‌లో ఐదు వందలు వేసి ఆడాడు. గెలిచాడు కూడా, పదకొండు వందలు. ఆ సంగతి భార్యకు చెప్పడానికి ఓడినప్పటికంటే ఎక్కువ భయమేసిందని అన్నాడు. ఆమె ఆ పదకొండు వందలూ తీసుకుని స్నేహితుడి బాకీలో జమచేసి, నోటుపుస్తకంలో తేదీ వేసి రాసింది.

ఆ పుస్తకం ఇప్పుడూ ఆమె దగ్గరే ఉంది. యాప్‌ల బాకీలు కొట్టివేసి ఉన్నాయి. స్నేహితుల్లో ఒకరిది పూర్తయింది, రెండోవారిది నాలుగు వేలు ఉంది. గాజులు విడిపించారు. గొలుసు మీద వడ్డీ మాత్రం నెలనెలా కడుతున్నారు. మాట్లాడుతుండగానే పాప వచ్చి తండ్రి చేతిలోని చిన్న ఫోన్ లాక్కుని, అందులో బొమ్మలు లేవని విసిరేసి పోయింది.